తెరమీది వాన: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సినిమా ప్రదర్శనల నేపథ్యంలో ఫిలిం గీతలు, రక్షణ పూతల చరిత్ర

వ్యాససంగ్రహం: చలనచిత్ర ఫిలిం పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ. దాని ఉపరితలాన్ని గీతల నుండి కాపాడేందుకు ఇరవయ్యో శతాబ్దంలో రసాయన పరిశ్రమ అనేక పూతలను రూపొందించింది. అయినా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణాల ప్రేక్షకులు దశాబ్దాల పాటు గీతలు పడిన బొమ్మనే చూశారు. ఇందుకు కారణాన్ని రసాయన శాస్త్రంలో కంటే పంపిణీ వ్యవస్థలోనే ఎక్కువగా వెతకాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఫిలింపై మిగిలిన గీతలను ప్రాంతీయ సినిమా చరిత్రకు ఆధారంగా ఎలా చదవవచ్చో కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఫిలిం, జెలటిన్, రక్షణ పూత, నైజాం పంపిణీ, ప్రింటు, పాలియెస్టర్, చలనచిత్ర సంరక్షణ.

1. ఉపోద్ఘాతం

పాత సినిమాల ప్రస్తావన వచ్చినప్పుడు తెలుగు ప్రేక్షకుల నోట తరచుగా వినిపించే మాట, తెరమీద వాన పడుతున్నట్టు ఉండేదని. నిలువుగా, ఎడతెగకుండా, కథలోని ఎండావానలతో సంబంధం లేకుండా కురిసే ఆ వాన నిజానికి ఫిలింపై పడిన గీతల నీడ. దీనిని హాస్యంగా గుర్తుచేసుకోవడమే తప్ప చారిత్రక విషయంగా పరిశీలించడం అరుదు. సినిమా చరిత్ర రచనలో చిత్రాలు, నటులు, దర్శకులు, సంస్థలు ప్రధాన స్థానం పొందగా, బొమ్మను మోసుకొచ్చిన పదార్థం వెనుకబడిపోయింది.

పూర్వపు నల్లగొండ జిల్లాకు చెందిన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలు ఈ పరిశీలనకు అనువైనవి. సూర్యాపేట, కోదాడ హైదరాబాద్-విజయవాడ రహదారిపై ఉన్నాయి. మిర్యాలగూడ నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, బీబీనగర్-నడికుడి రైలుమార్గంపై ఉంది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో సూర్యాపేట జిల్లా కేంద్రమైంది. కోదాడ ఆ జిల్లాలో చేరింది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచింది. 1967లో సాగర్ కాలువలకు నీరు విడుదలైన తరువాత ఈ ప్రాంతంలో వరి సాగు పెరిగి, మిర్యాలగూడ బియ్యపు మిల్లుల కేంద్రంగా ఎదిగింది. సినిమాకు స్థిరమైన ప్రేక్షకులు ఏర్పడటానికి ఈ ఆర్థిక మార్పు తోడ్పడింది. అయితే ఆ ప్రేక్షకుల ముందుకు వచ్చిన ఫిలిం ఏ స్థితిలో వచ్చిందన్నది వేరే ప్రశ్న.

2. ఫిలిం నిర్మాణం – గీతకు మూలం

35 మి.మీ. వెడల్పు గల చలనచిత్ర ఫిలింలో ప్రధానంగా రెండు భాగాలు ఉంటాయి. మొదటిది ఆధారం, సుమారు 0.13 మి.మీ. మందం గల పారదర్శక ప్లాస్టిక్. రెండవది ఆ ఆధారానికి ఒకవైపు పరచిన ఎమల్షన్. అంటే బొమ్మను ధరించే జెలటిన్ పొర. తొలినాటి ఆధారం సెల్యులోజ్ నైట్రేట్. అది సులభంగా అంటుకొని తీవ్రంగా మండే పదార్థం. 1948లో ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థ సెల్యులోజ్ ట్రైఎసిటేట్ ఆధారాన్ని ప్రవేశపెట్టి, 1950ల తొలి సంవత్సరాలకు నైట్రేట్ తయారీని నిలిపివేసింది. అగ్నిప్రమాదం విషయంలో ఇది పెద్ద మార్పు. గీతల విషయంలో మాత్రం సమస్య అలాగే మిగిలింది. నైట్రేట్ అయినా ఎసిటేట్ అయినా గాజుతో పోలిస్తే మెత్తనివే. జెలటిన్ వాటికంటే సున్నితమైనది. గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది, వేడికి మెత్తబడుతుంది.

ఇటువంటి పట్టీ ప్రొజెక్టరులో సెకనుకు 24 చిత్రాల వేగంతో నడుస్తుంది. ప్రతి చిత్రం గేటు వద్ద క్షణకాలం ఆగి, మళ్ళీ లాగబడుతుంది. ఫిలిం నిటారుగా నిలిచేందుకు గేటులోని పట్టాలు దాని అంచులను నొక్కి ఉంచుతాయి. అక్కడ ఒక ఇసుక రేణువు చేరినా, కొత్త ప్రింటు నుండి ఊడిన ఎమల్షన్ గట్టిపడి పేరుకున్నా, అది రీలు పొడవునా ఒకే గీతను చెక్కుతుంది. అందుకే కొత్త ప్రింటు అంచులకు మైనం పూసే పద్ధతి ఉండేది. ప్రదర్శన ముగిశాక రీలును తిరిగి చుట్టాలి. వదులుగా ఉన్న చుట్టను లాగి బిగిస్తే పొరలు ఒకదానిపై ఒకటి జారి, వాటి మధ్యనున్న దుమ్ము చిన్న చిన్న గీతలను మిగులుస్తుంది. కార్బన్ ఆర్క్ దీపాల కాలంలో కడ్డీల మసి, బూడిద ప్రొజెక్టరు గదిలోనే పుట్టేవి. కనుక గీతను ఆపరేటరు నిర్లక్ష్యంగా మాత్రమే చూడటం సరికాదు. యంత్రం పనిచేసే తీరులోనే దానికి చోటు ఉంది.

3. పూత కోసం జరిగిన అన్వేషణ

గీతను ఆపడానికి మూడు మార్గాలు ఏర్పడ్డాయి. మొదటిది తయారీ దశలోనే ఎమల్షన్ మీద రంగు లేని పలుచని జెలటిన్ పొరను పరచడం. బొమ్మకు బదులు ఈ పొర రాపిడిని భరిస్తుంది. జెలటిన్‌ను గట్టిపరిచే రసాయనాలు, జారుడు గుణాన్నిచ్చే మైనపు పదార్థాలు, పొరలు ఒకదానికొకటి అంటుకోకుండా చూసే సూక్ష్మకణాలు ఇందులో కలుపుతారు. రెండవది ల్యాబులో కడిగి ఆరబెట్టిన ఫిలింకు లక్క వంటి పారదర్శక వార్నిష్ పూయడం. గీతలు పూతకే పరిమితమైతే, దానిని కరిగించి తొలగించి కొత్త పూత వేయవచ్చు. విలువైన నెగెటివ్‌లకు ఈ పద్ధతి ఉపయోగపడింది. మూడవది మరింత గట్టి కృత్రిమ పాలిమర్ పూత. 1970లలో ప్లాస్టిక్ కళ్ళద్దాలకు సిలికాన్ ఆధారిత గట్టి పూతలు వాణిజ్యపరంగా విస్తరించిన కాలంలోనే, అమెరికాకు చెందిన 3ఎం సంస్థ ఫొటోగార్డ్ పేరుతో అతినీలలోహిత కిరణాల వల్ల గట్టిపడే పూతను ఫొటోగ్రాఫిక్ ఫిలిం కోసం రూపొందించింది.

ఈ మూడింటికీ సమానమైన చిక్కు ఒకటుంది. పూత ఎంత గట్టిదైతే అంతగా పెళుసుబారుతుంది. కళ్ళద్దం వంగదు, ఫిలిం మాత్రం పళ్ళచక్రాలు, రోలర్ల చుట్టూ నిరంతరం వంగుతూ నడవాలి. పూత వంపుకు పగిలితే ఆ పగులే కొత్త గీత అవుతుంది. పూత మందమైతే కాంతి మార్గం మారుతుంది; మసకబారితే బొమ్మ చెడుతుంది. కాబట్టి గట్టిదనం, వంగే గుణం, పారదర్శకత అనే మూడింటి మధ్య రాజీ కుదర్చడమే ఈ రంగపు అసలు సమస్య. నేటి పారదర్శక ఫిలింల పూతల్లో కూడా అదే సమస్య కొనసాగుతోంది.

ఇప్పటికే పడిన గీతను కనబడకుండా చేసే పద్ధతి వేరు. గీత వద్ద కాంతి చెదరడానికి కారణం ప్లాస్టిక్‌కూ గాలికీ వక్రీభవన గుణకాల్లో ఉన్న తేడా. ఆ పల్లాన్ని ప్లాస్టిక్‌కు దగ్గరి వక్రీభవన గుణకం గల ద్రవంతో నింపితే కాంతి చెదరకుండా సాగిపోతుంది, గీత మాయమవుతుంది. ఫిలింను ఇటువంటి ద్రవంలో తడుపుతూ కాపీ తీసే పద్ధతిని ల్యాబులు ఈ సూత్రంపైనే నడిపాయి. ఇది ఆధారం వైపు గీతలకు బాగా పనిచేస్తుంది. ఎమల్షన్ ఊడిపోయిన చోట బొమ్మే ఉండదు కనుక అక్కడ ప్రయోజనం స్వల్పం. అదీగాక ఇది ల్యాబులో జరిగే పని. ఊరి హాలుకు చేరిన ప్రింటుకు దీనితో సంబంధం లేదు.

4. నైజాం పంపిణీ వ్యవస్థ – మూడు పట్టణాల స్థానం

తెలుగు సినిమా వ్యాపారం రాష్ట్రాన్ని నైజాం, సీడెడ్, ఆంధ్ర అనే ప్రాంతాలుగా విభజించుకుంది. ఈ మూడు పట్టణాలు నైజాంలోనివి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పరిపాలనా సరిహద్దు తొలగిపోయినా, పూర్వపు హైదరాబాద్ సంస్థానపు సరిహద్దు పంపిణీ హక్కుల పత్రాలలో చెక్కుచెదరకుండా నిలిచింది. దీనికి కోదాడ మంచి ఉదాహరణ. కోదాడకు విజయవాడ దగ్గర, హైదరాబాద్ దూరం. కొద్ది దూరంలోని జగ్గయ్యపేట కృష్ణా ప్రాంతపు పంపిణీదారు పరిధిలోకి వస్తే, కోదాడ నైజాం పంపిణీదారు పరిధిలోకి వస్తుంది. ఒకే రహదారిపై, ఒకే భాష మాట్లాడే రెండు పొరుగు పట్టణాలకు ఒకే చిత్రం రెండు వేరు కార్యాలయాల నుండి, రెండు వేరు ప్రింట్ల రూపంలో రావలసి ఉండేది. 2014 జూన్ 2న మళ్ళీ రాష్ట్ర సరిహద్దుగా మారిన ఆ గీతను, మధ్యనున్న 58 సంవత్సరాలూ సినిమా వ్యాపారం తన పటంలో అలాగే ఉంచుకుంది.

ప్రాంతాల విభజనతో పాటు కేంద్రాల శ్రేణి కూడా ఉంది. ఏ, బి, సి కేంద్రాలుగా వ్యాపార వర్గాలు పిలిచే ఈ క్రమంలో ప్రింట్లు మొదట నగరాలకు, ఆదాయం తగ్గాక తరువాతి వరుస పట్టణాలకు, చివరకు చిన్న ఊళ్ళకూ టూరింగ్ టాకీసులకూ వెళ్ళేవి. ప్రింట్ల సంఖ్య పరిమితంగా ఉండటం దీనికి మూలం. ముడి ఫిలిం భారతదేశంలో చాలాకాలం కొరత సరుకు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ప్రభుత్వం కథాచిత్రాల నిడివిని 11,000 అడుగులకు పరిమితం చేసింది. స్వాతంత్ర్యానంతరం దిగుమతి లైసెన్సుల విధానం కొనసాగింది. ఉదకమండలంలో 1960లో స్థాపితమైన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఇందు పేరుతో ఫిలింను అందించినా, రంగుల చిత్రాల కాలంలో దిగుమతిపై ఆధారపడటం తప్పలేదు. ప్రింటు ఖరీదైనది, ఖరీదైనది కనుక తక్కువ, తక్కువ కనుక ఒక్కొక్కటి ఎక్కువ ఊళ్ళు తిరగాలి.

5. ప్రింటు ఆయుష్షు – ఒక లెక్క

ఈ క్రమం ఫిలింపై చూపే ప్రభావాన్ని లెక్క ద్వారా అంచనా వేయవచ్చు. 35 మి.మీ. ఫిలిం నిమిషానికి 90 అడుగుల చొప్పున నడుస్తుంది. రెండున్నర గంటల చిత్రానికి 13,500 అడుగులు, అంటే సుమారు 4.1 కి.మీ. ఫిలిం అవసరం. ఒక ప్రింటు నగరంలో రోజుకు నాలుగు ఆటల చొప్పున 50 రోజులు ఆడిందనుకుంటే 200 ప్రదర్శనలు పూర్తవుతాయి. అంతవరకు ఆ ప్రింటు ప్రొజెక్టరు గుండా సాగిన దూరం సుమారు 820 కి.మీ. తిరిగి చుట్టడం దీనికి అదనం. ఆ తరువాత అదే ప్రింటు పెట్టెలో సర్దుకొని సూర్యాపేటకో మిర్యాలగూడకో బయలుదేరుతుంది. హైదరాబాద్ నుండి కోదాడకు రోడ్డు దూరం సుమారు 180 కి.మీ. అంటే కోదాడ ప్రేక్షకుడి ముందుకు రాకముందే ఆ ఫిలిం యంత్రాల లోపల ఈ ప్రయాణానికి నాలుగు రెట్లకు పైగా దూరం తిరిగివచ్చింది.

శతదినోత్సవాన్ని ఈ కోణంలో చూస్తే మరో అర్థం వస్తుంది. చిత్రం నగరంలో ఎంత పెద్ద విజయం సాధిస్తే, చిన్న పట్టణానికి అంత అరిగిన ప్రింటు వచ్చే అవకాశం ఉంది. జనాదరణ పొందిన చిత్రాలనే చిన్న పట్టణాల ప్రేక్షకులు ఎక్కువ గీతలతో చూశారు. గీతల సాంద్రత చిత్రపు పాతదనానికి కాక, ప్రేక్షకుడు క్రమంలో ఎన్నవ స్థానంలో నిలబడ్డాడన్న దానికి కొలమానం.

రక్షణ పూత లాభసాటి కావాలంటే ప్రింటు దీర్ఘకాలం ఆదాయం తేవాలి. ప్రింటు సంపాదనలో అధికభాగం నగరపు తొలి వారాలలోనే వచ్చే వ్యవస్థలో, పూతకు పెట్టే అదనపు ఖర్చును భరించేవారు ఒకరు, దాని ఫలితాన్ని అనుభవించేవారు మరొకరు. నిర్మాతకూ పంపిణీదారుకూ తొలి 50 రోజుల స్పష్టత ముఖ్యం; ఆ దశలో కొత్త ప్రింటుకు పూత అవసరం కనబడదు. గీతలు బయటపడే దశకు టికెట్టు ధర తక్కువ, అడిగేవారి మాటకు బలమూ తక్కువ. పూత ఉన్నా అది చేరవలసిన చోటికి చేరకపోవడానికి హేతువు ఇక్కడ ఉంది.

6. గీత ఒక ఆధారం

గీతను లోపంగా మాత్రమే చూస్తే అది చెప్పే సమాచారం అందదు. ప్రింటులో ఆధారం వైపు పడిన గీత కాంతిని చెదరగొట్టి తెరమీద నల్లని గీతగా కనిపిస్తుంది. నెగెటివ్‌లో ఆధారం వైపు పడిన గీత కాపీ తీసేటప్పుడు కాంతిని అడ్డుకొని, ప్రింటులో తెల్లని గీతగా అచ్చవుతుంది. రంగుల ప్రింటులో ఎమల్షన్ గీత లోతును బట్టి రంగు మారుతుంది. సాధారణ రంగుల ప్రింటు ఫిలింలో పైన మెజెంటా, మధ్యలో సయాన్, అడుగున పసుపు పొరలు ఉంటాయి. పైపొర మాత్రమే తెగితే గీత ఆకుపచ్చగా, రెండు పొరలు తెగితే పసుపుగా, మూడూ తెగితే తెల్లగా కనబడుతుంది. తెల్లని గీతకు ఇలా రెండు మూలాలు ఉండవచ్చు కనుక, తెరమీది రంగును మాత్రమే చూసి నిర్ణయించక, ఫిలింను చేతబట్టి గీత ఏ ముఖాన ఉందో పరిశీలించాలి.

ఈ పరిశీలన వల్ల ల్యాబులో జరిగిన నష్టాన్నీ హాలులో జరిగిన నష్టాన్నీ వేరుచేయవచ్చు. రీళ్ళ మొదట్లో, చివర్లో గీతలూ అతుకులూ అధికంగా ఉంటాయి. ప్రతిసారి ప్రొజెక్టరులోకి ఎక్కించే భాగం, చేతులు తగిలే భాగం అదే. పాటల రీళ్ళు ఎక్కువ అరిగినట్టు కనిపిస్తే, పాటను మళ్ళీ వేయించుకున్న ప్రేక్షకుల జాడ అక్కడ ఉండవచ్చు. అతుకు వద్ద పోయిన చిత్రాల సంఖ్య ఫిలిం ఎన్నిసార్లు తెగిందో చెబుతుంది. వసూళ్ళ పుస్తకాలు దొరకని చిన్న పట్టణాల విషయంలో ఇటువంటి భౌతిక సాక్ష్యానికి విలువ ఉంది.

7. పూతకు బదులుగా వచ్చిన మార్పులు

గీతల సమస్య ఈ పట్టణాల్లో చివరకు తగ్గింది. తగ్గించినవి రెండు మార్పులు. మొదటిది ప్రింట్ల సంఖ్య. 1990ల నుండి అధిక సంఖ్యలో ప్రింట్లతో ఒకేరోజు విడుదల చేసే పద్ధతి విస్తరించింది. వీడియో క్యాసెట్లు, కేబుల్ ప్రసారాలు, దొంగ కాపీలు వచ్చాక ఆలస్యం నష్టదాయకమైంది. జిల్లా పట్టణాలకు కూడా తొలి శుక్రవారమే కొత్త ప్రింటు చేరసాగింది. అదే దశాబ్దంలో ప్రదర్శన ప్రింట్లకు పాలియెస్టర్ ఆధారం వచ్చింది. అది సులభంగా తెగదు. ఎసిటేట్‌లా ద్రావకపు సిమెంటుతో అతుక్కోదు, టేపు కావాలి. 1990ల చివర కొడాక్ తెచ్చిన ప్రింటు ఫిలింలో వెనుకవైపు గీతలను తట్టుకునే పాలిమర్ పూత ఉంది. ఆ విధంగా పూత ఫిలింలోనే భాగమై వచ్చింది. అప్పటికే ఫిలిం కాలం ముగింపుకు చేరువవుతోంది.

రెండవ మార్పు డిజిటల్ ప్రదర్శన. 2005 ప్రాంతం నుండి యుఎఫ్ఓ, క్యూబ్ వ్యవస్థలు దేశంలోని హాళ్ళకు విస్తరించాయి. 2013లో ఫ్యూజీ సంస్థ చలనచిత్ర ఫిలిం తయారీ నుండి తప్పుకుంది. డిజిటల్ ప్రతికి రాపిడి లేదు; వందో ఆట మొదటి ఆటలాగే ఉంటుంది. నగరానికీ పట్టణానికీ మధ్య బొమ్మ నాణ్యతలో ఉన్న తేడా ఈ దశలో చాలావరకు తొలగింది. ఆపరేటరు చేతిపని కూడా దానితోపాటే అవసరం కోల్పోయింది.

8. సంరక్షణకు సంబంధించిన ప్రశ్న

తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద (1932) నేడు చూడటానికి అందుబాటులో లేదు. పాత నలుపు-తెలుపు ప్రింట్లను వెండి కోసం కరిగించడం దేశవ్యాప్తంగా సాగిన పని. పుణేలోని జాతీయ ఫిలిం ఆర్కైవ్ 1964లో ఏర్పడేనాటికే చాలా చిత్రాలు పోయాయి. నిలిచిన వాటిని గీతలే కాక, వేడికీ తేమకూ ఎసిటేట్ విచ్ఛిన్నమై వెనిగర్ వాసన వెలువరించే క్షయం కూడా పీడిస్తుంది. నెగెటివ్‌కు వేసిన లక్క పూత కాలక్రమంలో పసుపుబారితే అదే ఒక సమస్య అవుతుంది. అందుకే తిరిగి తొలగించగల పూతనే ఆర్కైవులు మెచ్చుకుంటాయి. రక్షణ కూడా ఒక జోక్యమే కనుక దానిని వెనక్కి తీసుకునే వీలు ఉండాలన్నది ఇందులోని నీతి.

1957లో విడుదలైన మాయాబజార్‌ను 2010లో హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ రంగుల్లోకి మార్చి విడుదల చేసినప్పుడు, రంగుతోపాటు గీతలు లేని బొమ్మ కూడా ప్రేక్షకులకు అందింది. అంతటి వ్యాపార విలువ లేని చిత్రాలకు ఈ అవకాశం తక్కువ. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటాన్ని గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నరసింగరావు నిర్మాణంలో తెరకెక్కించిన మా భూమి (1979) వంటి చిత్రం ఈ నేలకు సంబంధించిన దృశ్య చరిత్ర. సూర్యాపేట, హుజూర్‌నగర్ ప్రాంతాలు ఆ పోరాటానికి ముఖ్య కేంద్రాలు. ఇటువంటి చిత్రాలు రేపటికి అందడం వాటి నెగెటివ్‌లూ మంచి ప్రింట్లూ ఏ స్థితిలో మిగులుతాయన్న దానిపై ఆధారపడుతుంది.

9. ఉపసంహారం

పారదర్శక ప్లాస్టిక్‌ను గీతల నుండి కాపాడే విద్య ఇరవయ్యో శతాబ్దంలోనే పరిపక్వమైంది. అది ఎవరి కంటికి చేరాలన్నది ప్రింట్ల సంఖ్య, హక్కుల సరిహద్దు, కేంద్రాల శ్రేణి నిర్ణయించాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రేక్షకులు చూసిన తెరమీది వాన ఆ నిర్ణయపు దృశ్యరూపం. నేడు అదే పట్టణాలలోని మొబైల్ దుకాణాల్లో, ఫిలిం ఆధారమైన పాలియెస్టర్‌కే కొన్ని మైక్రాన్ల గట్టి పూత వేసిన పలుచని పారదర్శక పొరను ఫోన్లకు అతికిస్తున్నారు. ఆ పొరపై పడే గీత బొమ్మను తాకదు. పొరను మారిస్తే చాలు. ఫిలింకు ఆ వెసులుబాటు లేదు.

ప్రాంతీయ చరిత్ర పరిశోధకుల ముందున్న పని స్పష్టం. మూతబడిన హాళ్ళలో మిగిలిన రీలు ముక్కలు, ప్రొజెక్టర్లు, ప్రింటు పెట్టెలు, వాటి మీది చీటీలు పాత ఇనుముగా మారకముందే నమోదు చేయాలి. ఫిలింతో పనిచేసిన చివరి తరం ఆపరేటర్ల అనుభవాన్ని వారుండగానే రికార్డు చేయాలి. గీతలను డిజిటల్‌గా తుడిచివేసేముందు, గీతలతో కూడిన ప్రతిని కూడా యథాతథంగా భద్రపరచాలి. బొమ్మ నిర్మాత చేసినది. గీత మాత్రం ఆ బొమ్మ ఊరూరా తిరిగి సంపాదించుకున్నది. ఆ ఊళ్ళ సినిమా చరిత్రకు అదే తొలి దస్తావేజు.